ఎండిన బోరు మీది రాయి

బిందె ఖాతూన్ ఇంటి గుమ్మంలోనే ఉంది. పొద్దుటి నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. నీళ్ల మీద పొర తేలింది. ఎండ పడిన చోట ఆ పొర రంగులు మారుతోంది.

లోపల మంచం మీద ఖాతూన్ కోడలు ఇల్మా పడుకుని ఉంది. నిన్న ఆ నీళ్లతోనే చాయ్ పెట్టుకుంది. జలుబు చేసి ముక్కు పట్టేయడంతో వాసన తెలియలేదు. తాగిన కాసేపటికి వాంతులు మొదలయ్యాయి. ఏడో నెల. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, కడుపులో బిడ్డకు ప్రమాదం లేదని చెప్పి, పొద్దున ఇంటికి పంపించారు.

"ప్రమాదం లేదట," అని ఖాతూన్ పలకరించడానికి వచ్చినవాళ్లకల్లా చెబుతోంది. "ఇగ ప్రమాదమంటే ఎట్లుంటదో మరి."

పటేల్‌గూడలోని ఆ గల్లీకి ఒక అలవాటు ఉంది. నీళ్ల వాసన మారితే ఎవరింట్లో వాళ్లు గొణుక్కుని ఊరుకోరు. సీసాలో పట్టి, ఖాతూన్ పక్కింటి సంగప్ప దగ్గరికి తెస్తారు. సంగప్ప మూత తీసి వాసన చూస్తాడు. సీసా మెడకు ఎర్రగుడ్డ కడతాడు. ప్రహరీ గోడ మీద పెడతాడు. ఆ సీసా గోడ మీద ఉన్నంతకాలం గల్లీలో ఎవరూ మోటరు వేయరు. వాగు అవతల మందుల కంపెనీ వచ్చిన నాటి నుంచి ఇదే పద్ధతి. అప్పటి సీసాలు కొన్ని సంగప్ప హాలు కిటికీలో ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో నీళ్లు పసుపు, ఒకదాంట్లో ఇటుక రంగు. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్లకంటే ముందు వాటిని చూపిస్తాడు.

ఈసారి వాసన వచ్చింది ఒక్క ఖాతూన్ బోరులోనే. ఆ తేడాను ఎవరూ పట్టించుకోలేదు.

"మళ్ల మొదలువెట్టిండ్రు," అన్నాడు సంగప్ప, గుడ్డ ముడి బిగిస్తూ. "వానలు వడంగనే వదుల్తరు. వాన నీళ్లల్ల కలిసిపోతదని వాళ్ల తెలివి."

గల్లీ అంతా వాగు వైపు చూసింది. ఎదురింటి నర్సింగ్ కంపెనీని తిట్టాడు. ఇంకొకరు వాళ్ల ట్యాంకరును రోడ్డు మీద చూశామన్నారు. సంగప్ప అప్పటికే ఫోను చేశాడు. నీళ్ల నమూనా తీసుకోవడానికి మధ్యాహ్నం కాలుష్య బోర్డు ఆఫీసు నుంచి మనిషి వస్తాడు. అందరూ ఉండాలని, ఎవరూ డ్యూటీలకు పోవద్దని చెప్పాడు.

అవే నీళ్లు పట్టిన రెండో సీసా సంగప్ప కోడలు వనజ చేతిలో ఉంది. ఆమె మూత తీసింది. వాసన చూసి మూత పెట్టింది. మళ్లీ తీసింది.

కంపెనీ నీళ్ల వాసన వనజకు తెలుసు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వానకాలం ఆ నీళ్లతోనే స్నానం చేసి ఒళ్లంతా దద్దుర్లతో పుట్టింటికి పోయింది. అది కుళ్లిన వాసన. ఇది అది కాదు. ఈ వాసన నెల కింద ఆమె చేతులకే ఉండేది. సబ్బుతో కడిగినా పోయేది కాదు.

"మామా, గిది థిన్నర్ వాసన లెక్క ఉన్నది," అంది మెల్లగా.

సంగప్ప ఆమె వైపు చూడలేదు. "కంపెనీల వాడని థిన్నర్ ఉంటదా బిడ్డా," అన్నాడు. ఆమె చేతిలోంచి రెండో సీసా తీసుకున్నాడు.

నెల కింద సంగప్ప ఇంటి పైపోర్షన్‌కు రంగులు వేయించారు. కిరాయికి ఇవ్వడానికి. వేసింది ఖాతూన్ కొడుకు జావీద్. పని అయ్యాక కొంత సామాను మిగిలింది. గోడల తెల్లరంగు సగం బకెట్. గ్రిల్స్‌కు వేసిన నీలం ఎనామిల్, ప్రైమర్ చిన్న డబ్బాల్లో. బ్రష్షులు కడిగిన థిన్నర్ ఒక క్యాన్‌లో.

వనజ వాటిని మెట్ల కింద సర్దింది. డబ్బాల నోళ్లకు పాలిథిన్ కవరు పరిచి మూతలు కొట్టింది. తెల్లరంగు అంగన్‌వాడీ గోడకు ఇస్తానని ఆయమ్మతో అంది. నీలం రంగు ఇల్మాకు ఇస్తానని చెప్పింది. వాళ్ల గేటు తుప్పు పట్టింది, బిడ్డ పుట్టేలోపు వేయించుకోవాలని ఇల్మాకు ఉంది. థిన్నర్‌ను కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైతేట మళ్లీ పనికొస్తుంది. మడ్డిని ఇసుకలో ఇంకించి, ఆరబెట్టి, మూట కట్టి, మున్సిపాలిటీ ఆటో వెనక వేలాడే వేరే డబ్బాలో వేయాలి. ఇదంతా ఆదివారం చేస్తానని ఇంట్లో చెప్పింది కూడా.

ఆదివారం రాకముందే మెట్ల కింద ఖాళీ అయింది. ఆమె కుట్టు సెంటర్ నుంచి వచ్చేసరికి ఊడ్చిన నేల మాత్రమే ఉంది. అడిగితే, భర్త దశరథ్, "జావీద్ తీస్కపోయిండు," అన్నాడు. ఇల్మా గేటు పని ముందే అవుతుందని ఆమె సంతోషపడింది.

ఇప్పుడు జావీద్ మందుల కవరుతో గల్లీ మలుపులో కనిపించాడు. వనజ ఎదురుపోయింది. ఇల్మా గురించి అడిగింది. తర్వాత, మాటల్లో మాటగా, డబ్బాల సంగతి అడిగింది.

"నేను తీస్కపోలె వదినా," అన్నాడు జావీద్. "గేటు రంగు ఎప్పుడిస్తరో అడుగుదామనుకున్న. మీరే పరేషాన్‌ల ఉన్నరేమో అని ఊకున్న."

వనజ కొంగు సర్దుకుంది. ఇంటివైపు తిరిగింది.

దశరథ్ ఫస్టు షిఫ్టు నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. వనజ అన్నం పెట్టలేదు. గిన్నె ఆమె చేతిలోనే ఉంది.

"డబ్బాలు ఎక్కడ ఏసినవ్?"

ఏ డబ్బాలు అన్నాడు. రంగు డబ్బాలు అంది. జావీద్ అని అతను మొదలుపెట్టాడు. జావీద్‌ను అడిగానని ఆమె చెప్పింది. దశరథ్ ఖాళీ కంచంలోకి చూశాడు. తర్వాత వంటింటి కిటికీలోంచి వెనక దొడ్డివైపు చూశాడు. ఆ చూపే జవాబు.

దొడ్లో, ఖాతూన్ గోడకు ఆనుకుని, ఎండిపోయిన బోరు ఉంది. దానికి గోడ అవతలే ఖాతూన్ నడుస్తున్న బోరు.

"బోర్ల పోసినవా?"

"ఎండిన బోరే గదనే. అండ్ల నీళ్లున్నయా, ఏమన్న ఉన్నయా?"

"పోసినవా, డబ్బాలు గూడ ఏసినవా?"

పెద్దవి ఒంపి పాతసామాను వాడికి ఇచ్చానన్నాడు. చిన్నవి పైపులో పట్టాయి. మూతలు తీయకుండా అలాగే వేశాడు. కిరాయికి వచ్చేవాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారు, మెట్ల కింద ఆ గలీజేంటని అమ్మ రోజూ అంటోంది, తను ఆఫ్ రోజు చూసుకుని పని ముగించాడు. అందులో తప్పేముందో తనకు తెలియడం లేదన్నాడు.

"తెలుస్తలేదా?" అంది వనజ. "గోడ అవతల బిందె చూసినవా?"

"ఏయ్, కంపెనీలు ట్యాంకర్లకు ట్యాంకర్లు వదుల్తున్నయ్. నా నాలుగు డబ్బాలు లెక్కకొస్తయా?"

"ఇల్మా తాగింది ట్యాంకర్ నీళ్లు కాదు."

"అది తేల్చేటందుకే ఆఫీసాయన వస్తుండు."

"తేలితే?"

దశరథ్ గొంతు తగ్గించాడు. తేలకూడదన్నాడు. వాగు కోసం నాన్న ఇన్నేళ్లు కొట్లాడాడు. లాఠీదెబ్బ తిన్నాడు. జిల్లా ఆఫీసు మెట్ల మీద పడుకున్నాడు. ఇప్పుడు ఆయన ఇంటి బోరులోంచి రంగు డబ్బాలు బయటపడితే కంపెనీవాళ్లు ఏమంటారో ఆలోచించమన్నాడు. అప్పుడూ మీరే పోసుకున్నారు, మా మీద వేశారు అంటారు. కిటికీలో సీసాలన్నీ అబద్ధం అయిపోతాయి.

ఆ మాటను వనజ కొట్టిపారేయలేకపోయింది. అందులో నిజం ఉంది. వాళ్లు అలాగే అంటారు. అనడానికి కాచుకుని ఉంటారు. ఆమె ఒంటి మీద లేచిన దద్దుర్లు అబద్ధం కాదు. కిటికీలోని పసుపు నీళ్లు అబద్ధం కాదు.

కానీ డబ్బాలు ఇంకా బోరులోనే ఉన్నాయి. తుప్పు పట్టే కొద్దీ ఒక్కొక్కటీ కారుతుంది. ఎర్రగుడ్డ సీసా గోడ దిగిన రోజున ఖాతూన్ మళ్లీ మోటరు వేస్తుంది. ఇల్మా తాగుతుంది. బిడ్డ పుడితే ఆ నీళ్లే కాస్తారు. కంపెనీ గేటు దగ్గర ధర్నా చేస్తే కంపెనీ ఆగవచ్చు. తమ దొడ్లో ఉన్నది ఆగదు.

"అవి బయటికి తియ్యాలె," అంది. "తియ్యాలంటే చెప్పాలె."

వాకిలి దగ్గర ఉల్లిగడ్డలు ఒలుస్తున్న అత్త ముత్యమ్మ తలెత్తింది. అంతసేపూ విననట్టే కూర్చుంది.

"ఇంటి సంగతి ఇంట్ల ఉండనియ్యి వనజా. మీ మామకు తెల్వకూడదు. తెలిస్తే ఆయన తట్టుకోడు."

"ఇల్మా తట్టుకుంటదా అత్తా?"

ముత్యమ్మ ఉల్లిగడ్డ పొట్టు చేటలోకి దులిపింది. "కోడండ్లం మా కాలంల గిట్ల మాట్లాడకపోతుంటిమి," అంది.

"మీ కాలంల బోర్ల నీళ్లుండె," అంది వనజ.

గిన్నె గట్టు మీద పెట్టి బయటికి నడిచింది. అన్నం ఎవరూ వడ్డించుకోలేదు.

ఆఫీసు నుంచి వచ్చిన మనిషి పేరు త్రినాథరావు. జీపు గల్లీ మొదట్లో ఆపి, బురద తప్పించుకుంటూ, ఐసు పెట్టెతో నడిచి వచ్చాడు. సంగప్ప ఎదురెళ్లాడు. కంపెనీ చరిత్ర మొదలుపెట్టాడు. త్రినాథరావు వింటూనే ఖాతూన్ కుళాయి తిప్పించి, కొంత నీరు పోనిచ్చి, సీసా పట్టాడు. మూత పెట్టబోయి ఆగాడు. ముక్కు దగ్గరికి తీసుకున్నాడు.

ల్యాబులో తేలేదాకా తాను ఏదీ చెప్పకూడదని ముందుగా అన్నాడు. తర్వాత చెప్పాడు.

"ఇది రంగులకు వాడే థిన్నర్ అనిపిస్తోంది. ఈ మధ్య ఇక్కడ ఎవరైనా పెయింటింగ్ చేయించారా?"

ఒకరి తర్వాత ఒకరుగా, అందరూ ఖాతూన్ గోడ వైపు చూశారు. గోడకు నిచ్చెన ఆనించి ఉంది. మేకుకు బ్రష్షులు వేలాడుతున్నాయి.

"పెయింటర్ ఇంట్లనే ఉన్నడు సార్. ఇగ ఎతుకుడెందుకు," అన్నాడు నర్సింగ్. వెనక ఎవరో నవ్వారు.

ఖాతూన్ ముందుకు వచ్చింది. "ఏం నర్సింగ్. నా కోడలు కడుపుతోని ఉన్నది. మా బోర్ల మేమే జహర్ పోసుకుని తాగుతమా? పొద్దున కంపెనీని తిడ్తివి. మధ్యాహ్నానికి నా కొడుకు కనవడ్డడా?"

జావీద్ తల్లి భుజం పట్టి వెనక్కి జరిపాడు. బ్రష్షులు పనిచేసిన చోటనే కడుగుతానని త్రినాథరావుకు చెప్పాడు. మిగిలిన రంగు ఎవరి ఇంటిది వాళ్లకే ఒప్పజెబుతానన్నాడు. రంగు వాళ్లు కొన్నది, తనది కాదు. ఆఖరుగా చేసిన పని సంగప్ప కాకా వాళ్ల ఇంట్లో. వాళ్ల డబ్బాలు వాళ్ల మెట్ల కింద పెట్టి వచ్చాడు.

త్రినాథరావు సంగప్ప ఇంటివైపు తిరిగాడు. మెట్ల మీద దశరథ్ నిలబడి ఉన్నాడు.

"మీ దగ్గర మిగిలిన డబ్బాలు ఏం చేశారు?"

అడిగింది ఆఫీసు మనిషి. దశరథ్ మాత్రం వనజ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతనే తిప్పుకున్నాడు.

"జావీదే తీస్కపోయిండు సార్. పని అయిపోంగనే."

జావీద్ దశరథ్ వైపు ఒక అడుగు వేశాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే సైకిలు మీద హైవే దాకా పోయేవాళ్లు. నిరుడు దశరథ్ మోకాలు విరిగితే బండి మీద డ్యూటీకి దింపి తెచ్చింది జావీదే.

"అన్నా," అన్నాడు. అంతే అన్నాడు.

ఇల్మా గుమ్మం పట్టుకుని నిలబడింది. మంచం మీది నుంచి ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు. సెలైన్ ఎక్కించిన చేతికి దూది అలాగే ఉంది. ఆమె దశరథ్‌ను చూడలేదు, జావీద్‌ను చూడలేదు. బిందె పక్కన నిలబడి వనజను చూసింది.

వనజ మామ వైపు తిరిగింది.

ఆమెకు ఇంకా ఒక ఆశ ఉంది. నీళ్ల విషయంలో అబద్ధం విని సంగప్ప ఊరుకున్నది ఈ గల్లీలో ఎవరూ చూడలేదు. కంపెనీ మేనేజరు వాగులో బట్టల రంగు కలిసిందంటే ఆ నీళ్లను అతని బల్ల మీదే కుమ్మరించిన మనిషి. కొడుకును నమ్మినా, జావీద్‌ను అడుగుతాడు. రెండు వైపులా వింటాడు. అప్పుడు ఆమె చెబుతుంది.

సంగప్ప చేతిలో ఎర్రగుడ్డ సీసా ఉంది. ముడి బిగిసే ఉంది. ఆయన దాన్ని విప్పాడు. మళ్లీ కట్టాడు. జావీద్‌ను అడగలేదు.

వనజ అందరి మధ్యలోంచి నడిచింది. ఇంటి పక్క సందులోంచి దొడ్లోకి పోయింది. వెనక దశరథ్ ఆమె పేరు పిలిచాడు. ఆమె ఆగలేదు. అడుగుల చప్పుడు వెనకే వచ్చింది. చాలామంది అడుగులు.

బోరు పైపు మీద రాయి ఉంది. పాత ఇల్లు కూల్చినప్పుడు మిగిలిన గడప రాయి. వనజ చీర కుచ్చిళ్లు దోపుకుని వంగింది. రెండు చేతులూ రాయి అంచు కింద పెట్టి లేపింది.

రాయి కదలలేదు.

మళ్లీ ప్రయత్నించింది. వేళ్లు జారాయి. అంచు మీద డబ్బా ఒరుసుకున్న నీలం రంగు మరక ఉంది, గేటుకు వేస్తానని మాటిచ్చిన నీలం. ఆమె మూడోసారి వంగి, వంగినదల్లా అలాగే ఆగిపోయింది.

ఈ రాయి ఎందుకు పెట్టారో ఆమెకు గుర్తొచ్చింది. బోరు ఎండిన ఏడాది సంగప్పే పెట్టించాడు. పిల్లలు బోర్లలో పడి చనిపోతున్నారని, రేకు పెడితే ఎవరో ఒకరు పక్కకు లాగుతారని, ఒక్కరితో లేవని రాయి కావాలని వెతికి మరీ ఈ గడపను ఎంచాడు. కొత్త కోడలికి దొడ్డి చూపించిన రోజున ఆ మాట చెప్పాడు. ఇద్దరు మగవాళ్లు పట్టాలి, ఒకరు ఈ దిక్కు, ఒకరు ఆ దిక్కు.

దశరథ్ డబ్బాలు వేసింది ఆఫ్ రోజున. పగలు. జావీద్ రాలేదు. ముత్యమ్మ చేత నీళ్ల బకెట్టే లేవదు.

వనజ నిటారుగా నిలబడింది. అరచేతులు చెక్కుకుపోయాయి. ఎదురుగా జనం ఆగారు. ముందు త్రినాథరావు, అతని పక్కన ఖాతూన్. గోడ అవతలి నుంచి ఇల్మా తల కనబడుతోంది. సంగప్ప అందరికంటే వెనక ఉన్నాడు. ఎప్పుడూ ముందుండే మనిషి.

పొద్దున ఆయన ఆ సీసా మూత తీసి వాసన చూశాడు. మెడకు గుడ్డ కట్టాడు. ట్యాంకరు గురించి మాట్లాడాడు. అందరూ విన్నారు. ఆమె కూడా విన్నది.

"మామా," అంది వనజ. గొంతు పెంచలేదు. "ఒక్కరితోని ఈ రాయి లేవదని మీరే చెప్పిండ్రు. ఒక దిక్కు మీ కొడుకు పట్టిండు. ఇంకో దిక్కు పట్టింది ఎవరు?"

ఖాతూన్ వెనక్కి తిరిగింది. అందరూ తిరిగారు. మనుషులు పక్కకు జరిగితే మధ్యలో దారి ఏర్పడింది.

"నువ్వు లోపలికి పో," అన్నాడు దశరథ్ భార్యతో. ఆమె అతని వైపు చూడలేదు.

సంగప్ప ఆ దారిలో నడిచి వచ్చాడు. సీసాను గోడ మీద పెట్టాడు. బోరు దగ్గరికి వచ్చి, వనజకు ఎదురుగా, రాయికి అవతలి దిక్కున మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమెను చూడలేదు. ఖాతూన్‌ను చూడలేదు.

రెండు చేతులూ చాపి రాయి మీద పెట్టాడు. ఎత్తడానికి పెట్టాడో, అదిమి పట్టడానికి పెట్టాడో వనజకు తెలియలేదు.

ఆమె వంగి తన దిక్కు పట్టుకుంది.